మినియాపొలిస్‌లో చెట్టు పెట్టేవాళ్లకు

అందరికీ నమస్తే. పెరట్లో ఏ చెట్టు పెడితే బతుకుతుందని చాలామంది అడుగుతున్నారు, అందుకే ఇక్కడే రాస్తున్నా.

నర్సరీలో ధరకంటే ముందు ట్యాగ్ మీద జోన్ నంబరు చూడండి, చెట్టు ఎంత చలికి తట్టుకుంటుందో అది చెబుతుంది (అంకె చిన్నదైతే చలి ఎక్కువ). అమెరికా వ్యవసాయ శాఖ 2023 జోన్ మ్యాపులో మన ఊరు 5ఏ లోకి వచ్చింది. నేనైతే ఇప్పటికీ జోన్ 4 చలికి తట్టుకునే చెట్లే కొంటాను. నీడకు బర్ ఓక్, హ్యాక్‌బెర్రీ బాగుంటాయి. యాష్ చెట్టు జోలికి మాత్రం పోవద్దు, దాన్ని చంపే బోరర్ పురుగు 2009లోనే మిన్నెసోటాలో బయటపడింది. పండ్లకు హనీక్రిస్ప్ ఆపిల్ పెట్టండి, అది మన మిన్నెసోటా యూనివర్సిటీ పుట్టించిన రకమే. కాయలు పట్టాలంటే దగ్గర్లో ఇంకో రకం ఆపిల్ ఉండాలి. (మామిడి అడిగినవాళ్లకు: కుండీలో పెట్టి, చలికాలం ఇంట్లోకి మోసుకోవాల్సిందే!)

తవ్వే ముందు 811కి ఫోన్ చేయండి, గ్యాస్, కరెంటు లైన్లకు ఉచితంగా గుర్తులు పెడతారు. గొయ్యి వెడల్పుగా ఉండాలి, లోతుగా కాదు. మాను అడుగున వెడల్పై వేర్లుగా విడిపోయే చోటు నేల పైకి కనిపించాలి. కుండీ మట్టిలో అది తరచూ కప్పబడిపోయి ఉంటుంది, చేతివేళ్లతో గీకి చూడండి. చుట్టూ తిరిగిన వేర్లుంటే కత్తిరించేయండి. చెట్టు చుట్టూ చెక్క ముక్కలు (మల్చ్) మూడు అంగుళాల మందంగా పరవండి, మానుకు తగలనివ్వొద్దు.

నేల గడ్డకట్టేదాకా నీళ్లు ఆపొద్దు. అక్టోబరులోనే మాను చుట్టూ ఇనుప జాలీ కట్టండి. మంచు మేటవేస్తే కుందేళ్లు దానిపైకెక్కి బెరడు కొరుకుతాయి, జాలీ కాస్త ఎత్తుగానే ఉండాలి.