పాత టేపును ముందు వెలుగుకు పట్టి చూడండి

సంపాదకులకు,

హ్యూస్టన్‌లోని కాష్మియర్ హైస్కూలు స్టేజ్ బ్యాండుపై మీ వ్యాసం చదివి సంతోషించాం. కాన్రాడ్ జాన్సన్ మాస్టారు తీర్చిదిద్దిన ఆ పిల్లలు 1970లలో పోటీలెన్నో గెలిచారు. వాళ్ల ఫంక్ (బలమైన లయతో సాగే నల్లజాతి అమెరికన్ల సంగీతం) మాత్రం 2006లో నౌ-అగైన్ రికార్డుల సంస్థ మళ్లీ విడుదల చేసేదాకా ఎక్కువగా రికార్డుల సేకర్తల దగ్గరే ఉండిపోయింది. ఎంత అన్యాయం!

అయితే అది చదివి అటక మీది స్పూలు టేపుల్ని వెంటనే మెషీన్‌కు ఎక్కించకండి. ఆ దశకంలోని చాలా టేపుల్లో అయస్కాంతపు పొడిని పట్టి ఉంచే పాలీయురేథేన్ జిగురు తేమకు పాడవుతుంది. తిప్పితే కీచుమంటుంది, గోధుమరంగు జిగట హెడ్డుకు (మెషీన్‌లో టేపును చదివే భాగానికి) అంటుతుంది. ఆ జిగటతోపాటే పాటా పోతుంది.

ఇలాంటి టేపును ఫ్యాన్ ఉన్న ఇంక్యుబేటర్‌లో 54 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 8 గంటలు ఉంచి, నెమ్మదిగా చల్లారనివ్వాలి. వంటింటి ఓవెన్ వద్దు, వేడి నిలకడగా ఉండదు. ఇలా వచ్చే గుణం కొన్ని వారాలే ఉంటుంది కాబట్టి వెంటనే డిజిటల్‌లోకి ఎక్కించాలి.

స్పూలును దీపానికి ఎదురుగా పట్టితే వెలుగు కనబడుతోందా? వెనిగర్ వాసన వస్తోందా? అది అసిటేట్ అనే పాతరకం ప్లాస్టిక్‌తో చేసిన టేపు. దాన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వేడి చేయకండి.

— పాత టేపుల పరిరక్షకులు, హైదరాబాద్