మీ పళ్ల వైటెనింగ్ కిట్ మీద, వెబ్‌సైట్‌లో పెట్టిన పోలిక పట్టిక మీద ఫిర్యాదు

కస్టమర్ కేర్ వారికి,

బెంగళూరు మారతహళ్లి నుంచి రాస్తున్నాను. మా చెల్లి పెళ్లి దగ్గర పడుతోందని మీ కిట్ తెప్పించాం. మాది నల్లగొండ జిల్లా, నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల చిన్నప్పటి నుంచీ దాని ముందు పళ్ల మీద గోధుమరంగు మచ్చలున్నాయి. ఈ సంగతి చెప్పి మరీ మీ చాట్‌లో అడిగితే, "అన్ని మచ్చలూ పోతాయి మేడమ్, డెంటిస్ట్ దగ్గర చేయించుకున్నట్టే ఉంటుంది" అన్నారు. ఆ స్క్రీన్‌షాట్ జత చేశాను.

మచ్చలు పోలేదు. చుట్టూ ఉన్న పన్ను కాస్త తెల్లబడేసరికి అవి ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి. జెల్ తగిలిన చోట చిగురు పాలిపోయింది, చన్నీళ్లు నోట్లో పోసుకుంటే పళ్లు జివ్వుమంటున్నాయని పిల్ల ఏడుస్తోంది. ఫోన్ చేస్తే మీవాళ్లు ఇంకో బాక్స్ వాడి చూడమన్నారు!

మీ పట్టికలో టూత్‌పేస్ట్, చార్‌కోల్ పొడి, స్ట్రిప్స్ అన్నింటికీ తక్కువ మార్కులు వేసి, మీ కిట్‌కీ డెంటిస్ట్ ట్రీట్‌మెంట్‌కీ సమానంగా వేశారు. ఏ లెక్కన? పేస్టూ చార్‌కోలూ పైన పట్టిన టీ, కాఫీ మరకల్ని రుద్ది తీస్తాయంతే, అందులో చార్‌కోల్ గరుకుగా ఉంటే పన్ను గట్టి పైపొర, ఎనామిల్ కూడా అరుగుతుంది, సరే ఒప్పుకుంటాను. లోపలి రంగు మారాలంటే మాత్రం పెరాక్సైడ్ అనే తెల్లబరిచే రసాయనం కావాలి, అది ఎంత శాతం, పన్ను మీద ఎంతసేపు ఉంది అన్నదే అసలు విషయం. క్లినిక్‌లో వాడేది సాధారణంగా 25 నుంచి 40 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, అదీ చిగుళ్లకి తగలకుండా అడ్డు పెట్టి. డాక్టర్లు ఇంటికిచ్చే పద్ధతిలో పళ్ల అచ్చు తీసి చేసిన ట్రేలో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ వేస్తారు, అంటే దాదాపు 3.5 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. రాత్రిళ్లు రెండు వారాల పాటు పెట్టుకుంటే నిదానంగానైనా బాగా పనిచేస్తుంది. మీ బాక్స్ నాలుగు వైపులా తిప్పి చూశాను, "యాక్టివ్ వైటెనింగ్ జెల్" అనే తప్ప శాతం ఎక్కడా లేదు. యూరోపియన్ యూనియన్‌లో హైడ్రోజన్ పెరాక్సైడ్ 0.1 శాతం దాటితే నేరుగా జనానికి అమ్మనివ్వరు, 6 శాతం వరకూ డెంటిస్ట్ ద్వారానే ఇవ్వాలి. మీరేమో అంకె కూడా వేయకుండా, బటన్ సెల్‌తో వెలిగే నీలం లైటు ఒకటి పెట్టి అమ్ముతున్నారు.

పైగా ఫ్లోరోసిస్ మచ్చ, అంటే మా చెల్లికున్న ఫ్లోరైడ్ మచ్చ, పైన పట్టిన మరక కాదు, పన్ను తయారయ్యేటప్పుడే ఎనామిల్‌లో వచ్చిన లోపం. మచ్చను బట్టి పై పొరని సన్నగా అరగదీయడమో, రెసిన్ అనే జిగురులాంటి పదార్థం పట్టించడమో చేయాలని ఇక్కడి డాక్టరమ్మ చెప్పారు, అదీ ఈ జివ్వుమనడం తగ్గాకే. ఇది తెలియకపోతే మీ చాట్‌లో "తెలియదు" అనొచ్చు కదా.

నాకు మొత్తం డబ్బు వెనక్కి కావాలి, కూపన్లు వద్దు. జెల్‌లో పెరాక్సైడ్ ఎంత శాతమో ఈమెయిల్‌లో రాసి పంపండి, డాక్టర్‌కి చూపించాలి. ఆ పట్టిక తీసేయండి, ఫ్లోరోసిస్ ఉన్నవాళ్లకి ఇది పనిచేయదని బాక్స్ మీద వేయండి. వారంలోగా జవాబు రాకపోతే 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కంప్లయింట్ పెడతాను.

ఆర్డర్ వివరాలు, బాక్స్ ఫోటోలు జత చేశాను.