మంత్రి గారూ, కట్టెల ఇంజిన్‌కి మీ ఫారంలో ఒక్క గడి పెట్టించండి

గౌరవనీయులైన ఇంధన శాఖ మంత్రి గారికి,

విజయవాడ సింగ్‌నగర్ నుంచి రాస్తున్నానండి. ఆటోనగర్‌లో లేత్ పని నాది. నేను చేసిన కట్టెల ఇంజిన్‌ని పరీక్షించమని ఇప్పటికి నాలుగు అర్జీలు పెట్టాను, నాలుగుసార్లూ ఫోన్‌కి ఒకటే మెసేజ్: 'మీ అర్జీ పరిష్కరించబడింది'. ఏం పరిష్కరించారో ఎవరూ చెప్పరు.

2024 సెప్టెంబరులో బుడమేరు మా వీధిలోకి వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. పక్కింటి మేడ మీద సోలార్ ప్యానెళ్ళున్నా వాళ్ళ ఇల్లూ చీకటే, బ్యాటరీ లేని సోలార్ లైన్లో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది కదా. మా అమ్మకి విసనకర్రతో విసురుతూ ఆ రాత్రుళ్ళు గడిపాకే కట్టెల వేడితో కరెంటు ఇచ్చే ఈ స్టిర్లింగ్ ఇంజిన్ మొదలుపెట్టాను.

1816 నాటి పద్ధతే. బాయిలర్ లేదు, ఆవిరి లేదు. మూసిన సిలిండర్లో గాలిని ఒక పక్క కట్టెల పొయ్యి వేడెక్కిస్తుంది, రెండో పక్క నీళ్ళు చల్లారుస్తాయి, ఆ గాలి ఉబ్బుతూ తగ్గుతూ పిస్టన్‌ని ఆడిస్తుంది. కిలో ఎండు కట్టెలో దాదాపు 4 యూనిట్ల వేడి ఉంటే నాకు దక్కే కరెంటు 20 వంతుల్లో 1 వంతే, దాచను. 5 కిలోలు కాలిస్తే రెండు ఫ్యాన్లు, మూడు లైట్లు ఐదు గంటలు. చల్లార్చడానికి పెట్టిన నీళ్ళు వేడెక్కి స్నానానికి పనికొస్తాయి. చెట్లు కొట్టమనడం లేదు సార్, గుంటూరు వైపు పత్తి ఏరడం అయ్యాక కట్టె పీకి చేలోనే తగలబెడుతున్నారు.

ఇంత చెప్పినా మీ శాఖ ఆఫీసు కౌంటర్ దగ్గర అడిగేది ఒక్కటే, 'సోలారా?' కాదంటే ఫారం వెనక్కి తోసేస్తారు. సర్టిఫికెట్ తెమ్మన్నారు, ఎవరిస్తారండీ అంటే అది మీరే కనుక్కోండి అన్నారు. పై ఆఫీసుకెళ్తే కిందికి, కిందికెళ్తే పైకి, తిరిగిన రోజల్లా లేత్ ఆగినట్టే. మూడోసారి ఇంజిన్‌నే ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని వెళ్ళాను, బల్బు వెలిగించి చూపిద్దామని. పొగ వస్తుందని గేటు దగ్గరే ఆపేశారు. ఎండలో రెండు గంటలు నిలబడ్డాను, ఒక్క ఇంజనీరు గారు కూడా మెట్లు దిగి రాలేదు.

మా వీధిలో నలుగురు తమకీ చేసిపెట్టమంటున్నారు. ఎవరూ పరీక్షించని ఇంజిన్ ఇంకొకరి ఇంట్లో పెట్టాలంటే నాకే టెన్షన్. సోలార్‌కి 3 కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ ఉందని తెలుసు, నాకు రూపాయి వద్దు. ఫారంలో ఒక గడి, పరీక్షించడానికి ఒక మనిషి, అంతే. పొగ ఎక్కువైతే, ప్రమాదం ఉంటే, కాగితం మీద రాసివ్వమనండి, సరిచేసుకుంటాను.

ఈ ఐదోసారి మాత్రం ఆ మెసేజ్ పంపించొద్దు సార్, దండం పెడతాను. ఎవరినైనా ఆటోనగర్‌కి పంపండి. ఏ వేళకొచ్చినా పొయ్యి వెలిగిస్తాను.