శాలువా సరే, హోదా ఏది?

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీరు వేసిన ప్రభుత్వ ఆసుపత్రి పదవీ విరమణ ఫోటో గురించి ఈ లేఖ. తప్పును మీరే దిద్దుతారేమోనని ఇన్నాళ్లూ చూశాను. ఫోటో మధ్యలో అధికారి, ఆయనకు అటూ ఇటూ మరో ఐదుగురు, అంచున భుజం సగం తెగిపోయి శాలువా కప్పుకున్న ఆవిడ. కింది వ్యాఖ్యలో అధికారి పేరూ హోదా అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి. సన్మానం జరిగిన ఆవిడ మాత్రం ‘సేవామూర్తి అయిన ఒక నర్సు’! ఆవిడ నర్సింగ్ సూపరింటెండెంట్ అండీ. స్టాఫ్ నర్సుగా చేరి, హెడ్ నర్సై, మూడు దశాబ్దాలకు పైగా ఒక్కో మెట్టూ ఎక్కిన మనిషి.

సేవామూర్తి అనేస్తే అందరికీ సుఖమే. మూర్తులకు సమావేశంలో కుర్చీ వేయనక్కర్లేదు.

మా నాన్నగారు అక్కడ పదకొండు రోజులు ఉన్నారు. ఒక రాత్రి రెండు గంటలకు ఆవిడ తనిఖీకి వచ్చారు. జ్వరం పట్టికల్లో వరసగా ఎనిమిది మందికి ఒకే అంకె, ఒకే సిరా. చిన్న నర్సుకు చీవాట్లు తప్పవనుకున్నాను. “థర్మామీటరు ఎక్కడమ్మా?” అని మాత్రం అడిగారు. అది పగిలి నాలుగు రోజులైందట, కొత్తదాని కోసం పెట్టిన కాగితం ఏ బల్ల మీదో నిద్రపోతోందట. పక్క వార్డు నుంచి ఒకటి తెప్పించారు. నలభై మంచాలకు ఆ పిల్ల ఒక్కతే కావడంతో సగం మంచాలు తానే చూశారు. మర్నాడు ఆ కాగితం సంగతి అడగడానికి కార్యాలయం ముందు నిలబడితే, లోపలికి పిలుపు వచ్చేసరికి పదకొండున్నర. థర్మామీటరుకు!

నర్సుకు ఇంతమంది రోగులే ఉండాలనడం గొంతెమ్మ కోరిక కాదు. 9 ఐరోపా దేశాల్లో జరిపిన పరిశోధనను 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రిక ప్రచురించింది. ఒక్కో నర్సు మీద ఒక్క రోగి భారం పెరిగితే, శస్త్రచికిత్స రోగి 30 రోజుల్లోపు మరణించే అవకాశం 7 శాతం పెరుగుతుందని అందులో తేలింది. ఈ లెక్క ఆవిడకు తెలుసు. నియామకాలు నిర్ణయించే గదిలోకి ఆవిడను ఎవరు పిలిచారు?

ఏటా మే 12న, నర్సుల దినోత్సవం నాడు, దీపాలు వెలిగించి ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు తలుస్తారు. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలకంటే రోగాలతోనే ఎక్కువగా చనిపోయారని 1858లో పటాలు గీసి ప్రభుత్వానికి చూపించిన గణాంకవేత్త కూడా ఆవిడే. మనవాళ్లకు దీపమే ముద్దు, లెక్కలడిగితే మొహం మాడిపోతుంది. నర్సుల సంవత్సరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన 2020లో చప్పట్లూ కొట్టారు. చప్పట్లకు బడ్జెట్ అక్కర్లేదు కదా.

చిన్న ద్వీపదేశాలు నయం. 2017లో ఆ సంస్థకు ప్రధాన నర్సింగ్ అధికారిగా వెళ్లిన ఎలిజబెత్ ఐరో అంతకుముందు కుక్ దీవుల ఆరోగ్యశాఖ కార్యదర్శి. ఆమె తర్వాత ఆ పదవికి వచ్చిన నర్సు అంతకుముందు టోంగాలో ఆరోగ్య మంత్రిగా చేశారు. ఇక్కడ మాత్రం నర్సింగ్ శిక్షణ గురించి సమావేశం పెట్టినా వేదిక మీద ఒక్క నర్సు కనిపించదు. టీలు అందించేది ఎవరో కూడా రాయమంటారా?

మీ విలేఖరికి తీరిక ఉంటే ఆవిడ దగ్గరికి వెళ్లి ఆ కాగితాల కథలు రాసుకురమ్మనండి. ఈలోగా వ్యాఖ్యలో హోదా సరిచేసి, కత్తిరించని ఫోటో మళ్లీ వేయండి. అధికారి ఒక చివర ఉన్నా పర్వాలేదు.

– ఒక పాఠకుడు