పికప్‌లకు పెద్ద టైర్లు: మైలేజీ లెక్క ఎక్కడ తప్పుతోంది?

సంపాదకుల వారికి నమస్కారం.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో సరుకు తోలే పికప్ బండ్లకు కమాన్లలో (ఇరుసు మీద బరువు మోసే స్ప్రింగు పట్టీల కట్టల్లో) అదనపు పట్టీలు ఎక్కించి హైట్ చేయించడం, కంపెనీ సైజుకు మించిన టైర్లు వేయించడం చూస్తున్నాం. రొయ్యల గుంటల గట్ల మీద బురదలో దిగబడకూడదని కొందరు, చీమకుర్తి వైపు క్వారీ దారుల్లో అడుగు తగులుతోందని కొందరు, చూడ్డానికి బాగుంటుందని మరికొందరు చేయిస్తున్నారు. నెల తిరక్కుండానే బండి డీజిల్ తాగేస్తోందంటూ ఇంజెక్టర్లు విప్పిస్తారు, పంపు చెక్ చేయిస్తారు. ఇంజిన్లో ఏ లోపమూ లేని బండికి వేలు పోస్తారు. లెక్క ఎక్కడ తప్పుతోందో, డీజిల్ నిజంగా ఎక్కడ పోతోందో బండి యజమానులకూ డ్రైవర్లకూ మీ పత్రిక ద్వారా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

ముందు మీటరు సంగతి. బండి ఎంత దూరం పోయిందో మీటరు కొలవదు. చక్రాలు ఎన్ని చుట్లు తిరిగాయో లెక్కపెట్టి, కంపెనీ టైరు చుట్టుకొలత ప్రకారం కిలోమీటర్లు చూపిస్తుంది. టైరు పెద్దదైతే ఒక్కో చుట్టుకు బండి ఎక్కువ దూరం పోతుంది, మీటరు మాత్రం పాత లెక్కే వేస్తుంది. 215/75 ఆర్15 అని రాసి ఉన్న టైరు తీసుకోండి. 215 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. అందులో 75 శాతం, అంటే 161 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు. రిమ్ముకు పైన ఒకసారి, కింద ఒకసారి కలిపి 322. 15 అంగుళాల రిమ్ము 381. మొత్తం ఎత్తు 703 మిల్లీమీటర్లు. దాని బదులు 235/75 ఆర్15 వేస్తే ఇదే లెక్కన 733 వస్తుంది. ముప్పై మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది గానీ అది 4.3 శాతం. 16 అంగుళాల రిమ్ములున్న పెద్ద పికప్‌లకు 245/70 తీసి 265/75 వేస్తే 749 కాస్తా 804 అవుతుంది, తేడా 7 శాతం దాటుతుంది. పైగా అరిగిపోయిన టైర్లు తీసి కొత్తవి వేస్తారు కాబట్టి అది ఇంకా పెరుగుతుంది. ట్రెడ్ (రోడ్డును తాకే గడుల పొర) 7 మిల్లీమీటర్లు అరిగితే టైరు ఎత్తు 14 తగ్గుతుంది. అది మరో 2 శాతం.

టైర్లు మార్చకముందు లీటరుకు 13.5 ఇచ్చే బండి అనుకోండి. 235 టైర్లు వేశాక 40 లీటర్లకు మీటరు 480 చూపించింది. పన్నెండే వస్తోంది, ఒకటిన్నర పడిపోయిందని యజమాని బెంగపడతాడు. కానీ ఆ 480 నిజానికి 500. అసలు మైలేజీ 12.5, పోయింది ఒక కిలోమీటరు. ఆ ఒక్కటీ తక్కువేం కాదు. నెలకు 3,000 కిలోమీటర్లు తిరిగే బండికి దాదాపు 18 లీటర్లు అదనం, ఏడాదికి 200 లీటర్ల పైమాటే. వంద రూపాయలకు దగ్గరగా ఉన్న డీజిల్ ధరతో ఇరవై వేలు. ఇంజెక్టర్లు మార్చినా అది తిరిగి రాదు, ఎందుకంటే పోతున్నది టైర్ల దగ్గర. మీటరు చూసి కిలోమీటరుకింత అని కిరాయి తీసుకునేవాళ్లకు ఇంకో దెబ్బ కూడా ఉంది. వంద కిలోమీటర్లు తోలితే మీటరు 96 చూపిస్తుంది, నాలుగు కిలోమీటర్ల కిరాయి ఊరికే పోతుంది.

మీ బండి తేడా ఎంతో తెలుసుకోవడానికి యంత్రాలేమీ అక్కర్లేదు. జాతీయ రహదారి 16 మీద కిలోమీటరు రాళ్లున్నాయి. ఒక రాయి దగ్గర మీటరు రాసుకుని 20 కిలోమీటర్ల తర్వాతి రాయి దగ్గర మళ్లీ చూడండి. 19.2 చూపిస్తే ఇకపై మీటరు చూపించే అంకెను 1.04తో గుణించాలి. ఫోన్లో జీపీఎస్‌తో ఒకసారి సరిచూసుకోండి. తర్వాత ట్యాంకు ఫుల్ చేయించండి. అదే బంకు, అదే పంపు, పైపు మొదటిసారి టక్కున ఆగగానే చాలనండి. ఇంకొంచెం కొట్టమంటే ఆ ఇంకొంచెం ప్రతిసారీ ఒకేలా ఉండదు, లెక్క చెడుతుంది. కనీసం 400 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అలాగే నింపి, సరిచేసిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. ఒక్క ట్యాంకుతో తేల్చకండి, మూడు ట్యాంకుల సగటు చూడండి. ఖాళీగా తిరిగిన దూరం, లోడుతో తిరిగిన దూరం పక్కన రాసుకుంటే ఇంకా మంచిది.

ఇక నిజంగా పోయే డీజిల్. మామూలు టైరు తీసి బురదకు వాడే పెద్ద మడ్ టైరు వేస్తే ఒక్కోటి 5 నుంచి 10 కిలోల దాకా బరువెక్కుతుంది. ఇది బాడీలో వేసిన బస్తా బరువుతో సమానం కాదు. చక్రం అంచున ఉన్న బరువును ముందుకు తోయాలి, గిరగిరా తిప్పాలి కూడా. ఆగి కదిలిన ప్రతిసారీ అది దాదాపు రెట్టింపు బరువులా పనిచేస్తుంది. ఊరూరా ఆగుతూ పోయే పాల బండికి, కూరగాయల బండికి ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది. తారు రోడ్డు మీద మడ్ టైరు తిరుగుతుంటే దాని పెద్ద గడులు ఒక్కొక్కటీ నలిగి మళ్లీ లేస్తుంటాయి. ఆ నలుగుడికి ఖర్చయ్యే శక్తి వేడిగా పోతుంది, ఆ శక్తి డీజిల్ నుంచే రావాలి. కొత్తపట్నం లాంటి తీరం ఊళ్లల్లో ఇసుకలో దిగబడకుండా గాలి తీసి, రోడ్డెక్కాక నింపడం మరిచిపోయేవాళ్లకు నష్టం రెండింతలు. నాలుగు టైర్లలో సగటున ఒక పాయింటు (పీఎస్ఐ) గాలి తగ్గితే మైలేజీ సుమారు 0.2 శాతం పడిపోతుందని అమెరికా ప్రభుత్వ ఇంధన శాఖ కార్లకు చెప్పిన లెక్క. పది పాయింట్లకు 2 శాతం. మన ఎండల్లో, లోడుతో, అలాంటి టైరు పక్కగోడ కాగి పేలిపోయే ప్రమాదం ఆ 2 శాతం కంటే పెద్దది.

ఎత్తు పెరిగినందుకు పడే భారం బండి పోయే వేగాన్ని బట్టి ఉంటుంది. గాలి తాకిడి వేగం వర్గంతో పెరుగుతుంది. 60లో పోయే బండి 80 అందుకుంటే తాకిడి 1.8 రెట్లవుతుంది. లేపిన బండి కింద ఎక్కువ గాలి దూరి ఇరుసుకూ ట్యాంకుకూ కొడుతుంది. పొదలకూరు నుంచి నిమ్మకాయల బస్తాలతో 40, 50లో వచ్చే బండికి హైట్ వల్ల డీజిల్ తేడా లేనట్టే. అదే బండి కావలి నుంచి చెన్నైకి హైవే మీద పోతే తెలుస్తుంది. అక్కడ కూడా మీటరు 80 దగ్గర ఉందని డ్రైవరు అనుకుంటాడు గానీ, మీటరు తక్కువ చూపిస్తోంది కాబట్టి ముందు తోలిన 80 కంటే ఇది ఎక్కువ వేగం.

గేర్ల విషయంలో ఒక అపోహ ఉంది. పెద్ద టైరుతో టాప్ గేరులో ఇంజిన్ తక్కువ చుట్లు తిరుగుతుంది కాబట్టి మైలేజీ పెరుగుతుందంటారు. క్రౌన్ పినియన్ నిష్పత్తి (చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇరుసును తిప్పే షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలో చెప్పే లెక్క) 4.1 ఉన్న బండికి 7 శాతం పెద్ద టైరు వేస్తే అది 3.8లా పనిచేస్తుంది, ఇంతవరకు నిజమే. ఖాళీ బండి, చదునైన రోడ్డు అయితే కొంచెం కలిసిరావచ్చు కూడా. కానీ చక్రం దగ్గర లాగే బలం కూడా అంతే తగ్గుతుంది. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్‌లోనో, గిద్దలూరు దాటి నంద్యాల వైపు ఘాట్‌లోనో నాలుగో గేరులో ఎక్కాల్సిన చోట మూడో గేరు పడుతుంది. గేరు తగ్గించకుండా అలాగే తొక్కితే ఇంజిన్ గుంజుకుంటూ మసి కక్కుతుంది. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) ఉన్న బీఎస్6 బండ్లలో ఆ మసితో ఫిల్టరు త్వరగా నిండుతుంది, దాన్ని కాల్చడానికి బండి మళ్లీ డీజిల్ వాడుకుంటుంది. మొత్తం మీద సైజు ఒక మెట్టు పెంచిన బండికి సరిచేసిన లెక్కలో కూడా 5 నుంచి 10 శాతం మైలేజీ పోవడం మామూలు. మడ్ టైరు, రెండంగుళాలకు మించిన ఎత్తు కలిస్తే ఇంకా పోతుంది.

హైట్ చేయించిన బండ్లలో కనిపించే మరో నష్టం ఎత్తు వల్ల కాదు, పని సగంలో వదిలేయడం వల్ల. ముందు కాయిల్ స్ప్రింగుల మీద స్పేసర్లు పెడితే టై రాడ్ల (స్టీరింగును ముందు చక్రాలకు కలిపే కడ్డీల) వాటం మారి టో (ముందు చక్రాలు తిన్నగా చూసే తీరు) తప్పుతుంది, అలైన్‌మెంటు మళ్లీ చేయించి తీరాలి. చేయించారో లేదో టైరే చెబుతుంది. ముందు టైరు ట్రెడ్ మీద అరచేతిని లోపలి నుంచి బయటికి నిమరండి, తర్వాత బయటి నుంచి లోపలికి. ఒక దిక్కున నున్నగా జారి, రెండో దిక్కున రంపపు పళ్లలా గరగరమని తగిలితే టైరు పక్కకి ఈడ్చుకుపోతోందని అర్థం. ఆ ఈడ్పుకు టైరూ డీజిలూ రెండూ అరుగుతాయి.

వెనక పట్టీలు ఎక్కించినప్పుడు కట్టను ఇరుసుకు పట్టి ఉంచే పాత యూ బోల్టులనే బిగిస్తుంటారు. కట్ట మందం పెరిగాక నట్టుకు మర చాలదు, ఒకసారి సాగిన బోల్టు పట్టు నిలపదు. పొడవు సరిపోయే కొత్తవి వేసి, లోడుతో రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలి. లేకపోతే కట్ట కదిలి సెంటర్ బోల్టు తెగుతుంది, ఇరుసు ఒక పక్క వెనక్కి జరుగుతుంది. కమాన్ ముందు పిన్ను నుంచి ఇరుసు దాకా రెండు వైపులా టేపుతో కొలిచి చూడండి. 5 మిల్లీమీటర్లు మించి తేడా ఉంటే బండి తిన్నగా పోతున్నట్టు కనిపిస్తూనే పక్కవాటుగా పోతోంది.

డీజిల్ కంటే ముందు ఆలోచించాల్సింది బ్రేకు. చాలా పికప్‌లలో వెనక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఒక కడ్డీ, దానికి ఒక వాల్వు ఉంటాయి. మెకానిక్కులు ఎల్ఎస్‌పీవీ అంటారు. లోడు పడి బాడీ కిందికి దిగితే ఆ వాల్వు వెనక బ్రేకులకు ఆయిల్ ప్రెషర్ పెంచుతుంది, ఖాళీగా ఉంటే చక్రాలు లాక్ కాకుండా తగ్గిస్తుంది. వెనక బండిని రెండంగుళాలు లేపితే నిండా సరుకున్నా వాల్వుకు అది ఖాళీ బండే. వెనక బ్రేకు పూర్తిగా పట్టదు, భారమంతా ముందు బ్రేకుల మీద పడి అవి కాగిపోతాయి. పైగా బరువైన టైర్లను ఆపడానికి ఇంకా బలం కావాలి. కంపెనీ మాన్యువల్ ప్రకారం ఆ కడ్డీని మళ్లీ సెట్ చేయకుండా అలాంటి బండిని లోడుతో రోడ్డెక్కించడం మనుషుల ప్రాణాలతో ఆట. బ్రేకు పట్టేస్తోందేమో చూడాలంటే, పెద్దగా బ్రేకు వేయకుండా పది పదిహేను కిలోమీటర్లు తోలి ఆపి, చెయ్యి దగ్గరగా పెట్టి నాలుగు హబ్బుల వేడి పోల్చండి. ఒకటి మాత్రం కాలిపోతుంటే మైలేజీ దొంగ అక్కడే ఉంది.

టైరు కొనేటప్పుడు సైజు పక్కనున్న లోడు సూచిక చదవండి. 105 అంటే ఒక్కో టైరు మోయగలిగింది 925 కిలోలు. వెనక ఇరుసు మీద 2,000 కిలోలు పడే బండికి అది చాలదు. చూడ్డానికి లావుగా ఉండే కార్ల టైరు సరుకు బండికి చిన్నదే. స్టెప్నీ కూడా అదే సైజు ఉండాలి. వెనక ఒక పక్క పెద్దది, ఒక పక్క చిన్నది వేసి తోలితే డిఫరెన్షియల్ (వెనక రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) ఖాళీ లేకుండా తిరిగి కాగిపోతుంది.

గట్ల మీద తిరగక తప్పని బండికి మేం చెప్పేది ఇది. కమాన్లు దిగిపోయి ఉంటే పట్టీ ఎక్కించకండి. కట్ట విప్పించి అలసిపోయిన పట్టీలు, బుష్‌లు, షాకిల్ పిన్నులు మార్పించండి. పోయిన ఎత్తు చాలా వరకు అక్కడే తిరిగి వస్తుంది. వెనక రెండు చక్రాలకు కంపెనీ సైజులోనే లగ్ టైర్లు (అడ్డ గడులవి), ముందు రిబ్ టైర్లు (నిలువు గాళ్లవి) వేయించండి. ఇసుకకు గాలి తీస్తే రోడ్డెక్కగానే నింపడానికి 12 వోల్టుల చిన్న పంపు బండిలో ఉంచుకోండి. రోజూ తిరిగే దూరంలో గట్టు ఒక కిలోమీటరు, తారు రోడ్డు అరవై కిలోమీటర్లు అయినప్పుడు ఆ ఒక్క కిలోమీటరు కోసం అరవైకీ డీజిల్ పోయడం లెక్కకు నిలవదు.

చట్టం కూడా స్పష్టంగానే ఉంది. కంపెనీ నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో అదే చెప్పింది. సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట వెతికేది ఇలాంటి మార్పులే.

టైర్ల షాపుల వాళ్లు సైజు మార్చి బిగించినప్పుడు బిల్లు మీద పాత సైజు, కొత్త సైజు, ఎత్తు తేడా ఎంత శాతమో రాసివ్వాలని కోరుతున్నాం. రెండు జిల్లాల రవాణా శాఖ అధికారులు ఫిట్‌నెస్ తనిఖీకి వచ్చే ప్రతి పికప్‌కు టైరు సైజు, లోడు సూచిక, ఎల్ఎస్‌పీవీ కడ్డీ మూడూ చూసి, తేడా ఉంటే సరిచేయించుకుని వచ్చాకే సర్టిఫికెట్ ఇవ్వాలని విన్నవించుకుంటున్నాం.

ఇట్లు
ఆటోనగర్ మెకానిక్కులు కొందరు, నెల్లూరు