అద్దె సాయం లెక్క: శనివారం సాయంత్రం 4 గంటలకు వీడియో కాల్

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లో అద్దె ఇళ్లలో ఉంటున్న, పెన్షన్ వయసు దాటిన మన పెద్దల కోసమే ఈ కాల్.

వారపు ఆదాయం ప్రభుత్వం లెక్కగట్టిన అవసరాల మొత్తాన్ని దాటితే సాయంలో కోత మొదలవుతుంది. ఆదాయం ఆ మొత్తం కంటే 10 పౌండ్లు ఎక్కువైతే, అద్దె సాయమైన హౌసింగ్ బెనిఫిట్‌లో 6.50, కౌన్సిల్ ట్యాక్స్ (స్థానిక పన్ను) తగ్గింపులో 2 పౌండ్లు పోతాయి. అంతే, మొత్తం పోదు! పొదుపు 10,000 దాటితే, ఆపైన ప్రతి 500కు వారానికి 1 పౌండు ఆదాయంగా కలుపుతారు.

అద్దె ఒప్పందం, పెన్షన్ లేఖ, బ్యాంకు స్టేట్‌మెంట్లు దగ్గర పెట్టుకోండి. సంపాదించే కొడుకో కూతురో మీతో ఉంటే వాళ్ల జీతం వివరాలు కూడా కావాలి.

వీసాపై ప్రభుత్వ సాయం పొందరాదనే షరతు ఉంటే దరఖాస్తు చేయకండి, ముందు నాకు ఫోన్ చేయండి.

వచ్చేవారు శుక్రవారంలోగా పేరు పెట్టండి. బ్యాంకు వివరాలు మాత్రం గ్రూపులో పెట్టవద్దు.