ఆదివారం రెక్కకు గుడ్డ వేస్తున్నాం

అందరికీ నమస్కారం. టైగర్ మాత్ రెక్క నమూనాకు గుడ్డ వేసే పని ఈ ఆదివారం పొద్దున్నే, శ్రీకాకుళం షెడ్డులో. 1931లో తొలిసారి ఎగిరిన బ్రిటిష్ శిక్షణ విమానం అది. రెక్కంటే లోపల చెక్క చట్రం, పైన గుడ్డ, అంతే.

పొందూరు ఖద్దరు వాడొచ్చా అని మాస్టారు అడిగారు. మన నమూనాకు నిక్షేపంగా వాడొచ్చు, నాకైతే అదే ఇష్టం. వలుగ చేప దవడతో ఏకిన పత్తి, ఆ నునుపు చేత్తో తడిమితేనే తెలుస్తుంది. ఎగిరే విమానానికి మాత్రం వద్దండి. దానికి వాడే గ్రేడ్-ఏ నూలు గుడ్డ కొత్తలో అంగుళం పట్టీకి 80 పౌండ్ల లాగుడు తట్టుకోవాలి. 56 కంటే తగ్గితే ఊడదీయాల్సిందే.

గుడ్డను మైనం పట్టించిన దారంతో రిబ్బులకు, అంటే చట్రంలోని అడ్డ చెక్కలకు కుట్టి, ఒక్కో కుట్టుకీ ముడి వేయాలి. తొందరపడొద్దు, అసలు పనితనమంతా ఇక్కడే. ఆ కుట్ల మీద వంకీల అంచు పట్టీలు గుడ్డకు పూసే డోప్ అనే వార్నిష్ లాంటి పూతతోనే అంటిస్తాం. డోప్ ఆరేకొద్దీ గుడ్డ బిగిసి డప్పులా మోగుతుంది.

ముసురు పట్టిందా, డోప్ పని వాయిదా. తేమకు పూత తెల్లగా పాలిపోతుంది, బిగువూ సరిగా రాదు. డోప్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి సిగరెట్లు, అగ్గిపెట్టెలు గేటు బయటే. మంచి కత్తెరలున్నవాళ్లు తెచ్చుకోండి.